నదికి జాకెట్ ముక్క

పోయిన మంగళవారం పొద్దున మా పాత లైన్‌వాళ్ల ఫోన్ గ్రూపులో దండ వేసిన ఫొటో ఒకటి వచ్చింది. కింద "మన మామ ఇక లేరు" అని రాశారు. ఆ కింద దండాలు పెట్టే చేతుల బొమ్మలు బారులు తీరాయి. "మంచి మనిషి" అన్నారొకరు. "శాంతమూర్తి" అన్నారింకొకరు. "ఎవరి జోలికీ పోయేవాడు కాదు" అని మూడో ఆయన రాసేసరికి నాకు ఒళ్లు మండింది. "ఎవరి జోలికి పోలేదో ఒక్క పేరు చెప్పండి" అని రాశాను. చావు కబురు దగ్గర కూడా దీని నోరు మూతపడదని ఎవరో ఎవరికో రాయబోయి, పొరపాటున గ్రూపులోనే పెట్టారు.

గొడవ కోసం అనలేదు నేను. మనిషి పోగానే ఆయన్ని ఉతికి, గంజి పెట్టి, ఇస్త్రీ చేసి, అందరిలాగే మడతపెట్టేస్తారు. ఆయన అందరిలాంటివాడు కాదు. నదికి జాకెట్ ముక్క పెట్టిన మనిషి. అది నేను కళ్లారా చూశాను. అందులో నా చేయి కూడా ఉంది కాబట్టి రాస్తున్నాను.

పేరు రాయను. రేషన్ కార్డులో ఆయనకు ఒక పేరు, ఫ్యాక్టరీ హాజరు పట్టీలో ఇంకో పేరు, ఓటర్ల జాబితాలో ఏకంగా ఆడమనిషి పేరు ఉండేది. నాలుగోది నేనెందుకు చేర్చాలి? మా అమ్మ ఆయన్ని అన్నా అనేది. అందుకని మాకు మామ.

సూరత్ బమ్రోలిలో మా లైన్ అంటే ఎదురెదురుగా రెండు వరసల గదులు, చుట్టూ మగ్గాల షెడ్లు. అందరం సిరిసిల్ల, కరీంనగర్ వైపు నుంచి వచ్చినవాళ్లమే. ఆ మగ్గాల చప్పుడులో పెరిగినందుకు మా అందరికీ గొంతులు పెద్దవి. ఉప్పు అడిగినా ఊరికి నిప్పంటుకున్నట్టు అడుగుతాం. ఆయనొక్కడే మెల్లగా మాట్లాడేవాడు. ఎందుకంటే ఆయన పని మగ్గం మీద కాదు, ఫోల్డింగ్ బల్ల దగ్గర. మగ్గం దిగిన బట్టను మీటరు మీటరుగా మడతలేస్తూ కొలవడం, మచ్చలుంటే పట్టుకోవడం. వంద మీటర్ల పైచిలుకు బట్ట ఒక తాకా. అలాంటి తాకాలు రోజంతా ఆయన చేతుల మీదుగా పోయేవి.

చేతులు అలవాటు పడ్డాక ఊరుకుంటాయా? ఎవరు ఎదురైనా ముందు వాళ్ల బట్ట అంచు పట్టుకొని బొటనవేలితో రుద్దేవాడు, ఆ తర్వాతే మొహం చూసేవాడు. పెళ్లికి పోతే అక్షింతలు వేస్తూ పెళ్లికూతురి కొంగు రుద్ది, "రెండు ఉతుకులకు పిగులుతది బిడ్డా, జాగ్రత్త" అనేవాడు. అదే ఆయన ఆశీర్వాదం. ఒకసారి వినాయకుడి ఊరేగింపులో బందోబస్తుకు వచ్చిన పోలీసాయన చొక్కా చెయ్యి పట్టుకొని రుద్దాడు. "సాబ్, యే అప్నే సూరత్ కా మాల్ నహీ" అన్నాడు జాలిగా. పోలీసాయన లాఠీ ఎత్తబోయి ఆగి, "కిత్నా చలేగా?" అని, ఎన్నాళ్లొస్తుందని అడిగాడు. "దీవాళీ తక్" అన్నాడు మామ. దీపావళి మర్నాడు ఆ పోలీసు మా లైన్ వెతుక్కుంటూ వచ్చి, చంక దగ్గర చిరిగిన చొక్కా చూపించి పోయాడు. కోపంతో వచ్చాడో, మెచ్చుకోవడానికి వచ్చాడో నాకు ఇప్పటికీ తెలియదు.

"బట్ట అబద్ధమాడదు బిడ్డా, మడత ఆడుతది" అనేవాడు. ఈ మాటకు అర్థమేంటని గ్రూపులోవాళ్లను అడిగితే ఒక్కొక్కరు ఒక్కొక్కటి చెప్తారు. అర్థం లేదని నా అభిప్రాయం. కానీ మెల్లగా చెప్పేవాడు కదా, లోతుగా వినపడేది.

ఆదివారం మగ్గాలు ఆగేవి. లైన్లో పిల్లలం ఎనిమిది మందిమి, మమ్మల్ని సిటీ బస్సెక్కించి చౌక్ బజార్ దగ్గర తాపీ నది ఒడ్డుకు తీసుకుపోయేవాడు. చలికాలమైతే పోంక్ కొనిపెట్టేవాడు. పోంక్ అంటే ఇంకేం కాదు, కాల్చి దులిపిన పచ్చజొన్నలు. మన జొన్నలు ఇక్కడికొచ్చి పేరు మార్చుకొని కూర్చున్నాయని మామ ప్రతిసారీ వాటిని కోప్పడి మరీ తినేవాడు. మెట్ల మీద కూర్చొని, కాళ్లు నీళ్లలో ఊపుతూ, ఒకరి జొన్నలు ఒకరం లాక్కునేవాళ్లం. నా చిన్నతనంలో నాకు నచ్చినవన్నీ ఆ మెట్ల మీదే ఉన్నాయి, ఆయనతో సహా.

మమ్మల్ని నీళ్లలో దింపే ముందు ఆయన మెట్లు లెక్కపెట్టేవాడు. అక్కడే నదితో ఆయనకు తగాదా వచ్చింది. పొద్దున నీళ్లు పన్నెండో మెట్టు దగ్గర ఉంటే మధ్యాహ్నానికి ఏడో మెట్టుకొచ్చేవి. వారం తర్వాత పోతే ఇరవయ్యో మెట్టు కింద బురద. కొలిచిన వస్తువు కొలత మారడం ఆయన జన్మలో చూడలేదు. "పెట్టిన కాడ ఉండదా ఇది?" అని విసుక్కున్నాడు. సముద్రం దగ్గరే కదా మామా, పోటుకు నీళ్లు వెనక్కి ఎక్కుతాయి, ఆటుకు దిగుతాయి అని మా మున్సిపాలిటీ తెలుగు బడిలో చెప్పిన సైన్సు నేను చెప్పాను. రెండు ఆదివారాలు ఒప్పుకోలేదు. మూడో ఆదివారం తనే తేల్చాడు.

"సముద్రం అత్తగారిల్లు. పోతది, మళ్ల తల్లిగారింటికొస్తది. రోజుకు రెండుసార్లు."

"అత్త ఊకుంటదా మామా?"

"సముద్రమంత అత్త. ఎవలు వచ్చిండ్రో, ఎవలు పోయిండ్రో ఆమెకు లెక్కుంటదా?"

మేం నవ్వాం. ఆయన నవ్వలేదు. "మా అక్క వచ్చి ఆరేండ్లాయె" అన్నాడు.

ఆ అక్క కథ మాకు కంఠతా వచ్చు. భార్య పెళ్లైన రెండేళ్లకే పోయింది, పిల్లలు లేరు, లోకంలో ఆయనకు మిగిలింది ఆ ఒక్క అక్క. సిరిసిల్లలో ఆమె కొత్తిల్లు కట్టుకున్నప్పుడు, తల్లిగారి తరఫున ఒడిబియ్యం పోయడానికి పోయాడు. సూరత్ చీర తీసుకుపోయాడు, తను స్వయంగా మడతపెట్టిన బట్ట, మిల్లులో ఐదున్నర మీటర్లకు కోసిన చీర. జాకెట్ ముక్క వేరే కొనాలన్న సంగతి ఆయనకు తోచనే లేదు. పీట మీద కూర్చున్న అక్క ఒళ్లో బియ్యం, ఎండుకొబ్బరి, ఖర్జూరాలు, పసుపు కుంకుమ అన్నీ పడ్డాయి. ఆమె చీర మడత విప్పింది. అటు చూసింది, ఇటు చూసింది.

"రైక ముక్క ఏదిరా?"

మా వైపు ఆడబిడ్డకు జాకెట్ ముక్క లేకుండా చీర పెట్టడమంటే, విస్తరేసి కూరలన్నీ వడ్డించి అన్నం పెట్టకపోవడమే. అత్తగారి వైపు ఆడవాళ్లు ముసిముసిగా నవ్వారట. "లోకానికంత బట్ట కొలిచేటోడివి, అక్కకు జానెడు ముక్క దొరకలేదా" అని ఆమె ఆ చీరను ఆయన భుజం మీదే వేసింది. "మళ్ల నీ గడప తొక్కితే ఒట్టు" అంది. తర్వాత ఆయన ముక్కలు పంపకపోలేదు. వచ్చేవాళ్ల చేత, పోయేవాళ్ల చేత పంపాడు. అడిగి పెట్టించుకున్నది ముష్టి అంటారని ఆమె అన్నీ తిప్పి పంపింది. రాఖీ పున్నమికి లైన్లో మగవాళ్ల చేతులు మోచేతుల దాకా నిండేవి. ఆయన పొడుగు చేతుల చొక్కా వేసి గుండీలు పెట్టుకొని తిరిగేవాడు. మేం ఆడపిల్లలం కడతామంటే, "ఆ జాగ రిజర్వు" అనేవాడు.

ఆ ఏడు ఆషాఢంలో మమ్మల్ని నది పుట్టినరోజుకు తీసుకుపోయాడు. సూరత్‌లో నదికి పుట్టినరోజుంది, ఆషాఢ శుద్ధ సప్తమి. ఆ రోజు పడవల్లో ఎర్ర చుందడి, అంటే చీర, తీసుకుపోయి ఈ ఒడ్డు నుంచి ఆ ఒడ్డు దాకా నీళ్ల మీద పరుస్తారు. జనం చేతులు జోడిస్తున్నారు. మామ మెడ చాచి పడవలన్నిట్లోకి చూస్తున్నాడు.

"జాకిట్ ముక్క ఏది?" అన్నాడు.

నాకు వెంటనే అర్థమైంది. అర్థమైనందుకు భయం వేసింది.

"నదికి చేతులుండవు కద మామా. జాకెట్ ఏం చేసుకుంటది?"

"నడుముంటదా?"

"ఉండదు."

"మరి చీర ఎట్ల పెట్టిండ్రు? నడుం లేదని ఊకున్నరా?"

వాదనలో నేను ఓడిపోయిన సందర్భాలు తక్కువ. అది మొదటిది.

"ఇంతమంది ఉన్నరు, ఒక్కలకన్న తెల్వదా" అని మెట్టు మీద కూలబడ్డాడు. "మా అక్కకు నోరుండె, అడిగింది. ఇది ఎట్ల అడుగుతది పాపం. ఒక్క ఆడబిడ్డను దూరం చేసుకున్న నేను. ఇంకొకదాన్ని చేసుకోను."

నెక్స్ట్ ఇయర్ చూద్దాం అని ఊరుకునే మనిషైతే శాంతమూర్తి అని నేనూ ఒప్పుకునేదాన్ని. ఏడాదంతా లైన్లో ఎవరినీ నిద్రపోనివ్వలేదు. చీర కొలతను బట్టి ముక్క కొలత ఉండాలి. చీర కొలత తెలియాలంటే నది వెడల్పు తెలియాలి. ఒక ఆదివారం మా ఎనిమిది మందినీ వంతెన మీద అడుగులు లెక్కపెడుతూ నడిపించాడు. ఎనిమిది లెక్కలు వచ్చాయి. రెండోసారి నడిపిస్తే ఇంకో ఎనిమిది వచ్చాయి. చివరికి, నది ఏడు వందల మీటర్లని, ఏడు మీటర్ల చీరకు మీటరు ముక్క లెక్కన ఒక తాకా సరిపోతుందని తీర్మానించాడు. ఆ తీర్మానం ముందే చేసుకొని మమ్మల్ని నడిపించాడని నా అనుమానం.

కుట్టించి పెట్టాలా, ముక్కగా పెట్టాలా అని పెద్ద చర్చ జరిగింది. "కుట్టిస్తే కొలత తప్పుతది అన్నా" అంది మా అమ్మ. "బిగుతైతే ఇంకో అవమానం. ముక్క పెట్టు, ఎట్ల కుట్టించుకుంటదో దాని ఇష్టం." ఆ మాట ఆయనకు నచ్చింది. మా అమ్మ, ఒక్కసారైనా ఇది పిచ్చి అని అనలేదు. అడిగితే, "చీర పెట్టినంక ముక్క పెట్టాలె గద" అంది నాతో. ఇలాంటివాళ్ల మధ్య పెరిగాను నేను. నా నోటిని ఎవరైనా తప్పుపట్టే ముందు అది ఆలోచించాలి.

తాకా కోసం మిల్లు యజమాని శేఠ్ దగ్గరికి పోయాడు. "తాపీ మాతానే బ్లౌజ్?" అన్నాడట శేఠ్, నది తల్లికి జాకెట్టా అని. లోపలి నుంచి శేఠాణి వచ్చి, "సాచీ వాత్ ఛే" అంది. నిజమే కదా, ఆడది అడిగితే ఏం చెప్తారు అని మొగుడినే నిలదీసింది. శేఠ్ ఎర్ర తాకా ఒకటి ఇచ్చి, మిల్లు పేరు మాత్రం ఎక్కడా రానివ్వద్దని దండం పెట్టాడు.

మరుసటి ఏడు సప్తమి రోజు, నెత్తిన తాకా పెట్టుకొని మామ, వెనక మేం ఎనిమిది మందిమి బస్సెక్కాం. కండక్టర్ లగేజీ టికెట్ తీసుకోమన్నాడు.

"లగేజ్ నహీ, బ్లౌజ్ హై" అన్నాడు మామ.

"కిస్కా?"

"నదీ కా."

కండక్టర్ ఆ తాకా వైపు చూశాడు, మా వైపు చూశాడు. "తాపీ మాతానూ? తో పఛీ టికిట్ కేవీ?" అని ముందుకు పోయాడు. తాపీ తల్లిదైతే ఇక టికెట్ ఏమిటని. ఈ ఊరి మీద నాకున్న వంద ఫిర్యాదుల్లో ఆ కండక్టర్ కోసం పది కొట్టేస్తాను.

మేం చేరేసరికి ఆలస్యమైంది. చుందడి అప్పటికే పరిచేశారు, ఆటు లాగుతుంటే అది సముద్రం వైపు పోయింది కూడా. ఒడ్డున ఉన్న పూజారి మా తాకా చూసి, ఇలాంటిది శాస్త్రంలో లేదన్నాడు. మామ మెల్లగా వంగి ఆయన ధోవతి అంచు పట్టుకొని రుద్దాడు. "మహారాజ్, టెరికాట్ శాస్త్ర్ మే హై క్యా?" అన్నాడు. చుట్టూ ఉన్నవాళ్లు నవ్వారు. పూజారి ధోవతి విడిపించుకొని, పడవవాడికి సైగ చేసి, అటు తిరిగి నిలబడ్డాడు.

నది నడుమకు పోయి మామ తాకా విప్పాడు. మడత వెనక మడత, మీటరు వెనక మీటరు, ఎర్రగా నీళ్ల మీదికి జారింది. లెక్కపెడుతున్నట్టు ఆయన పెదాలు కదులుతున్నాయి. మేం మెట్ల మీద నిలబడి చప్పట్లు కొడుతున్నాం. ఈలోపు పోటు మొదలైంది.

చీర పడమటికి పోయింది. జాకెట్ ముక్క తూర్పుకు బయలుదేరింది. నది దాన్ని పడవ పక్కనుంచి ఎగువకు తోసుకుపోతోంది. మామ పడవ దిగి వచ్చి మెట్టు మీద కూర్చున్నాడు. చేతులు ఖాళీగా ఒళ్లో పెట్టుకున్నాడు.

"ఇది కూడ తిప్పి పంపింది" అన్నాడు. "దోషం నా చేతులల్లనే ఉన్నది బిడ్డా. ఇగ మా అక్క కూడ రాదు."

ఏడుస్తున్నాడు. పెద్దమగవాడు ఏడవడం నేనప్పటిదాకా చూడలేదు. నాకు పన్నెండేళ్లు, ఆకలేస్తోంది, ఏదో ఒకటి చెప్పి ఆయన్ని లేపాలి.

"అది ఎటు పోతుంది మామా?"

"మీదికి."

"మీదికంటే?"

తూర్పు చూపించాడు.

"తూర్పున ఎవరున్నరు? మహారాష్ట్ర దాటితే మనోళ్లే కద. నది వద్దనలేదు. ముందు మీ అక్కకు పెట్టి, తర్వాత నాకు పెట్టమని అటు పంపింది."

ఆయన కళ్లు తుడుచుకున్నాడు. తర్వాత నా గౌను అంచు రుద్దాడు. నేరుగా పోస్టాఫీసుకు తీసుకుపోయి, కార్డు కొని, నాకు పెన్ను ఇచ్చి చెప్పసాగాడు. నేను రాశాను: "అక్కకు నమస్కారం. జాకెట్ ముక్క నది మీద బయలుదేరింది. మొత్తం ఒక తాకా. ఎరుపు. అందినట్టు జవాబు రాయగలవు."

ఆ తాకా వంతెన కాళ్లకు చుట్టుకుందని, మర్నాడు ధోబీలు లాక్కుపోయారని నాకు తర్వాత తెలిసింది. ఆ ఏడాదంతా వాళ్ల పిల్లలు ఎర్రచొక్కాల్లో తిరిగారు. మామకు నేను చెప్పలేదు. ఇప్పుడే చెప్తున్నాను, ఆయన వినడు కాబట్టి.

పదిరోజులు గడిచాయి. ఒకరోజు పొద్దున్నే మా లైన్ మొదట్లో ఆటో ఆగింది. ఎత్తుగా, ఎముకలు తేలిన ఒకావిడ చేతిలో కార్డు పట్టుకొని దిగింది. ఎవరినీ ఏమీ అడగలేదు. మామ గుమ్మం ముందుకు పోయి, గడపకు ఇవతలే నిలబడింది.

"నదికేమో తాకా, నాకేమో కార్డు ముక్కనా?"

అంత గొంతు మా లైన్లో కూడా ఎవరికీ లేదు. పళ్లు తోముకుంటున్న మామ నోట్లో నురగతోనే గుమ్మంలోకి వచ్చాడు.

"లోపలికి రా అక్కా."

"ఒట్టున్నది. నీ ఇంట్ల పచ్చి మంచినీళ్లు ముట్ట. దానికి పెట్టే ముందు నన్ను అడిగినవా? పెద్దదాన్ని నేనా, అదా?"

కొట్లాడటానికి కాజీపేటలో రైలెక్కి వచ్చిన మనిషి. తిరుగు టికెట్ మాత్రం తెచ్చుకోలేదు, అది మా అమ్మ కనిపెట్టింది. "దా అక్కా, మా ఇంట్ల ఉండు" అని సంచి అందుకుంది. మూడు రోజులు మా గుమ్మంలో కూర్చొని, ఎదురుగా మామ గుమ్మం వైపు చూస్తూ, ఆయనకు కనపడేలా మా ఇంటి అన్నం తింది. ఆయన మూడు రోజులూ ఇద్దరికి వండి, తలుపు బార్లా తీసి పెట్టి, ఒక్కడే తిన్నాడు.

నాలుగో రోజు ఆదివారం. "అది యాడుంటదో చూపియ్యి" అంది.

మేం పోయేసరికి ఆటు. వానలు ఇంకా ముదరలేదు. మెట్ల కింద బురద, బురదలో బర్రెలు, అవతలెక్కడో సన్నగా నీళ్లు. ఆవిడ కొంగు దోపుకొని చూసింది.

"దీనికా తాకా పెట్టినవు? బర్రెల మడుగుకు?"

"ఇప్పుడు అత్తగారింటికి పోయింది అక్కా. రెండు గంటలైతే వస్తది."

"రానియ్యి. అడుగుత" అని మెట్టు మీద కూర్చుంది.

ఎండలో కూర్చున్నాం. రెండు మెట్లు కింద మామ కూర్చున్నాడు. చాలాసేపటికి నీళ్లు కదిలాయి. బర్రెలు లేచి పోయాయి. ఒక్కో మెట్టూ తడిసి, ముందు మామ కాళ్లు, తర్వాత ఆవిడ కాళ్లు మునిగాయి. ఆవిడ కాళ్లు తీసుకోలేదు.

"రోజు వస్తదా?"

"రోజుకు రెండుసార్లు."

"ఎవలన్న పిలుస్తరా?"

"ఎవలు పిలుస్తరు అక్కా."

నదిని ఆవిడ ఏమీ అడగలేదు. లైన్లోకి రాగానే మా అమ్మ మా గుమ్మంలో చాప వేయబోయింది. ఆవిడ ఆగలేదు. నేరుగా మామ గదిలోకి పోయి పీట వాల్చుకొని కూర్చుంది. మామ కంచం పెట్టాడు. అన్నం, పెసరపప్పు, పచ్చిపులుసు. మేమంతా గుమ్మంలో మూగాం. ఆవిడ ముద్ద కలిపి నోట్లో పెట్టుకుంది.

"ఉప్పు తక్కువైంది."

మామ లేచి ఉప్పు డబ్బా తెచ్చి ఆమె పక్కన పెట్టి, గోడకు ఆనుకొని కూర్చున్నాడు. "ఇంకేం తక్కువైంది అక్కా?" అన్నాడు.

ఆవిడ చెప్పడం మొదలుపెట్టింది. పులుసుతో మొదలుపెట్టి, ఒడిబియ్యం నాటి మాటలకు పోయి, అమ్మ పోయినప్పుడు ఆయన ఆలస్యంగా రావడానికి పోయి, చిన్నప్పుడు ఆయన పగలగొట్టిన కుండ దాకా పోయింది. కంచం ఖాళీ అయింది, చేయి ఎండిపోయింది, సాయంత్రం పంపుకు నీళ్లొచ్చాయి. ఆమె ఊపిరి తీసుకోవడానికి ఆగినప్పుడల్లా, మామ మెల్లగా "ఇంకా?" అంటున్నాడు.